సైకోసిస్ ముప్పు పసిగట్టే స్టడీ: 2,000 మంది విద్యార్థులు, పీక్యూ-16, ఆపైన ఎంఆర్ఐ. ఈ డిజైన్ నిలబడుతుందా?

కృష్ణతీరం:

పీహెచ్‌డీ ప్రోటోకాల్ ఎథిక్స్ కమిటీకి వెళ్లబోతోంది. అక్కడికి వెళ్లాక తిట్లు తినడం కన్నా ఇక్కడే చీల్చి చెండాడించుకోవడం మేలని పెడుతున్నాను. విషయం: సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, గట్టి భ్రమల్లో ఉండటం) ఇంకా మొదలవకుండా, ముప్పు దశలో ఉన్న యువతను గుర్తించే పద్ధతిని మెరుగుపరచడం.

ప్లాన్ ఇదీ. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో 18–25 ఏళ్లవాళ్లు 2,000 మందికి గూగుల్ ఫామ్‌లో పీక్యూ-16 (సైకోసిస్ ముప్పును జల్లెడ పట్టే 16 ప్రశ్నల ఫామ్) తెలుగు అనువాదం పంపుతాను. స్కోరు 6 గానీ అంతకు మించి గానీ వస్తే పాజిటివ్. పాజిటివ్ వచ్చినవాళ్లలో 60 మందికి సిప్స్ ఇంటర్వ్యూ (లక్షణాలకు స్కోర్లు వేసి ముప్పు దశను తేల్చేది), ఎంఆర్ఐ, 5 నిమిషాల మాటల రికార్డింగు. ఏడాది తర్వాత ఫోన్ చేసి ఎవరికి సైకోసిస్ వచ్చిందో కనుక్కుంటాను. చివరికి ఎవరికి వస్తుందో ముందే చెప్పే మెషీన్ లెర్నింగ్ మోడల్.

నా సందేహాలు: 2012 నాటి నెదర్లాండ్స్ పేపర్‌లో పీక్యూ-16కి సెన్సిటివిటీ (ఉన్నవాళ్లను పట్టుకోవడం), స్పెసిఫిసిటీ (లేనివాళ్లను వదిలేయడం) రెండూ 87% వచ్చాయి, ఇది చాలదా? 60 మంది సరిపోతారా? అనువాదానికి ఇద్దరు అనువాదకులు, ఒక బ్యాక్ ట్రాన్స్‌లేషన్ (తెలుగు నుంచి తిరిగి ఇంగ్లిష్‌లోకి) అనుకున్నాను, ఇంకేమైనా కావాలా? ఏడాది ఫాలోఅప్ తక్కువేమో?

లెక్కలపంతులు:

మోడల్ సంగతి తర్వాత. ముందు గుణకారం చేద్దాం.

మీ 2,000 మందిలో ముప్పు దశలోనో, అప్పటికే సైకోసిస్‌లోనో ఉన్నవాళ్లు 2% అనుకోండి. అంటే 40 మంది. 87% సెన్సిటివిటీతో అందులో 35 మంది దొరుకుతారు. మిగతా 1,960 మందిలో 13%, అంటే 255 మంది, ఏ ముప్పూ లేకుండానే పాజిటివ్ అవుతారు. మొత్తం 290 పాజిటివ్‌లలో అసలువి 12%. ఆ 290 నుంచి 60 మందిని తీస్తే ఏడుగురు అసలు కేసులు. రెండేళ్లలో ఐదుగురిలో ఒకరికి సైకోసిస్ వస్తుందనుకున్నా మీ చేతికి దక్కేది ఒకరో ఇద్దరో. ఆ ఒకరిద్దరి మీద మోడల్ ఎలా కడతారు?

పైగా ఆ 87% మీ కాలేజీలకు వర్తించదు. ఆ స్టడీలో ఉన్నది ఏదో ఒక మానసిక సమస్యతో సాయం కోసం వచ్చినవాళ్లు. ఏ సమస్యా లేక ఫామ్ నింపే విద్యార్థుల్లో స్పెసిఫిసిటీ వేరుగా ఉంటుంది. పరీక్షల వారంలో నింపితే మరీ వేరుగా ఉంటుంది.

ఈ రంగంలో చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం ఇదే: మనుషులు ఎక్కడి నుంచి వచ్చారన్నదే సగం పరీక్ష. 2015 నాటి మెటా అనాలిసిస్‌లో (చాలా స్టడీలను కలిపి వేసిన లెక్కలో) సిప్స్ లాంటి ముప్పు ఇంటర్వ్యూలకు సెన్సిటివిటీ 96%, స్పెసిఫిసిటీ 47% వచ్చాయి. అంటే 'లేదు' అని చెప్పడంలో దిట్ట, 'ఉంది' అని చెప్పడంలో అంతంతమాత్రం. పాజిటివ్ లైక్లీహుడ్ రేషియో, అంటే ఉన్నవాళ్లలో పాజిటివ్ రావడం లేనివాళ్లకన్నా ఎన్ని రెట్లో, సుమారు 1.8. ముప్పు క్లినిక్‌కు రిఫర్ అయి వచ్చినవాళ్లలో ముందస్తు ముప్పు 15% అనుకుంటే, ఇంటర్వ్యూ పాజిటివ్ అయ్యాక అది 24% దాకా లేస్తుంది, నెగటివ్ అయితే 1.5%కి పడిపోతుంది. అదే ఇంటర్వ్యూ ముందస్తు ముప్పు 1% ఉన్న గుంపు మీద వాడితే పాజిటివ్ అయ్యాక కూడా 2% దాటదు. పరికరం మారలేదు, ఇంటర్వ్యూ చేసినవాళ్లూ మారలేదు. మారింది గుంపు ఒక్కటే.

మెల్‌బోర్న్‌లోని పేస్ అనే ముప్పు క్లినిక్ 2003 పేపర్‌లో ఏడాదికే దాదాపు 40% మందికి సైకోసిస్ వచ్చింది. ఉత్తర అమెరికాలో పలు కేంద్రాలు కలిసి చేసిన నాప్ల్స్ స్టడీ మొదటి దశలో (2008) రెండున్నరేళ్లకు 35%. దాని రెండో దశలో, ఒక్కో మనిషి ముప్పును లెక్కగట్టే కాలిక్యులేటర్ ఇచ్చిన పేపర్‌లో (2016) రెండేళ్లకు 16%. ప్రమాణాలు దాదాపు అవే. త్వరగా రిఫర్ చేయడం, ముందే చికిత్స అందడం, ప్రకటనలు చూసి వచ్చినవాళ్లు కలవడం, అన్నీ కలిసి ఆ శాతాన్ని కిందికి లాగాయంటారు. అందుకని ప్రతి మనిషి పక్కనా 'ఎలా వచ్చారు' అన్న గడి తప్పక పెట్టండి: డాక్టర్ పంపారా, ఇంట్లోవాళ్లు తెచ్చారా, కాలేజీ కౌన్సెలరా, పోస్టర్ చూసి వచ్చారా. ఆ ఒక్క గడి లేకపోవడం వల్లే ఎన్నో స్టడీలను ఒకదానితో ఒకటి పోల్చలేకపోతున్నాం.

అలాగని క్లినిక్‌లో కూర్చుంటే చాలని కాదు. దక్షిణ లండన్‌లో మొదటిసారి సైకోసిస్ వచ్చినవాళ్లలో అక్కడి ముప్పు క్లినిక్ అంతకుముందే చూసినవాళ్లు 5% మాత్రమేనని 2017లో తేలింది. మిగతా 95% మంది ఆ గుమ్మం తొక్కలేదు. వల మరీ పెద్దదైతే చెత్త పడుతుంది, చిన్నదైతే చేపే పడదు. మధ్యేమార్గం: కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్లు, సైకియాట్రీ ఓపీల్లో ఆందోళన, డిప్రెషన్, నిద్ర సమస్యలతో వచ్చే 15–30 ఏళ్లవాళ్లు. పీక్యూ-16 అక్కడ వాడండి.

ఏడో నంబరు ఓపీ:

లెక్కలపంతులు గారి లెక్కకు నా వైపు నుంచి ఒక చేర్పు. ఆ 290 మందిలో కొందరు ముప్పు దశ దాటేసి, అప్పటికే సైకోసిస్‌తో, చికిత్స లేకుండా ఉంటారు. నిమ్‌హాన్స్ చేసిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సైకోసిస్ ఉన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి చికిత్స అందడం లేదు. వాళ్లను మొదటి రోజే వేరు చేయకపోతే, ఆరు నెలల తర్వాత 'కొత్తగా వచ్చింది' అని లెక్కేసుకుంటారు. మీ మోడల్ భవిష్యత్తును చెప్పినట్టు కనిపిస్తుంది, నిజానికి ఉన్న జబ్బునే చెబుతుంటుంది.

వేరు చేయడానికి సిప్స్‌లో గీత స్పష్టంగానే ఉంది. అయిదు పాజిటివ్ లక్షణాలు: వింత ఆలోచనలు, అనుమానించడం, గొప్పలు పోవడం, ఇంద్రియ భ్రమలు, మాట తీరు చెదరడం. ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా. 3–5 ముప్పు పరిధి, 6 సైకోటిక్ తీవ్రత. స్కోరు ఒక్కటే చాలదు. 3–5 స్థాయి లక్షణం గత ఏడాదిలో మొదలవడమో, ఏడాది కిందటి కంటే ఒక పాయింటైనా పెరగడమో జరగాలి, గత నెలలో సగటున వారానికి ఒకసారైనా ఉండాలి. 6 స్థాయి లక్షణం రోజుకు గంట చొప్పున వారానికి నాలుగు రోజులు, నెలపాటు ఉన్నా, లేదా మనిషిని పూర్తిగా చెదరగొట్టేలా, ప్రమాదకరంగా ఉన్నా అది సైకోసిసే. వంశపారంపర్య ముప్పు గుంపుకైతే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి సైకోసిస్ ఉండటమో, తనకే స్కిజోటైపల్ వ్యక్తిత్వ సమస్య ఉండటమో జరగాలి, దానితో పాటు గాఫ్ (రోజువారీ జీవితం ఎంత బాగా నడుస్తోందో చెప్పే) స్కోరు ఏడాదిలో 30% పడి, ఆ తగ్గుదల నెలపాటు నిలవాలి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయంటే, మొదలైన తేదీ దగ్గర. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్న మనిషిని ఏడాదిలో మారిన మనిషిగా రాసేస్తారు. 'ఎప్పటి నుంచి?' అని అడిగితే తేదీ రాదు. ఉగాదికి ముందా తర్వాతా, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఉందా, అక్క పెళ్లినాటికి ఉందా అని అడగాలి. ఇంట్లో ఒకరితో, అమ్మతో గానీ రూమ్మేట్‌తో గానీ, విడిగా 20 నిమిషాలు మాట్లాడాలి. హాస్టల్ పిల్లల్లో రూమ్మేట్ మాటకే విలువ ఎక్కువ, అమ్మ చూసి మూడు నెలలై ఉంటుంది.

మూడు ఉప గుంపులనూ ఒకే గంపలో వేయకండి. 2016 మెటా అనాలిసిస్‌లో రెండేళ్లకు సైకోసిస్ వచ్చింది, క్లుప్తంగా వచ్చి దానంతట అదే తగ్గిన ఎపిసోడ్ల గుంపులో 39% మందికి, 3–5 స్థాయి తేలికపాటి లక్షణాల గుంపులో 19% మందికి, వంశపారంపర్య గుంపులో 3% మందికి. చివరి గుంపును ఎక్కువగా చేర్చుకుని 'మా దగ్గర ముప్పు తక్కువ' అనే పేపర్లకు కొదవలేదు.

చేర్చుకునేముందు గంజాయి, నిద్రలేమి, మూర్ఛ, థైరాయిడ్, బీ12 చూడండి. నిద్రపోయే క్షణంలో, లేచే క్షణంలో వినిపించేవి లెక్కలోకి రావు, అయినా సగం మంది వాటినే చెబుతారు. 'పూర్తి మెలకువలో, దీపం వేసి ఉండగా' అని అడగండి. కొద్ది వారాల్లోనే ముదిరిన మతిమరుపు, వికృత కదలికలు, జ్వరం, ఫిట్స్ ఉంటే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అనుమానించి వెంటనే న్యూరాలజీకి పంపాలి, స్టడీ ఫామ్ పక్కన పెట్టేయాలి.

ఇంకొకటి, మందులు. మన ఓపీల్లో ఇలాంటి పిల్లలకు తక్కువ మోతాదు రిస్పెరిడోన్ గానీ ఒలాంజపిన్ గానీ రాసేయడం మామూలే. బ్రిటన్ నైస్ మార్గదర్శకాలు (2014) ముప్పు తగ్గించడానికని యాంటీసైకోటిక్ ఇవ్వొద్దనీ, సీబీటీ (ఆలోచనల తీరు మీద పనిచేసే మాటల చికిత్స) ఇమ్మనీ అంటాయి. మందు మీద ఉన్న మనిషి స్కోరు 4 అంటే అది నిజంగా 4 కావచ్చు, మందు అణచిన 6 కూడా కావచ్చు. మందు పేరు, మోతాదు, మొదలైన తేదీ మూడూ రాసుకోండి, విశ్లేషణలో వాళ్లను వేరుగా చూపించండి.

పదకోశం:

అనువాదం గురించి. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అనేది అనువాదకుడి ఇంగ్లిష్ ఎంత బాగుందో చెబుతుంది. గుంటూరు కుర్రాడికి ప్రశ్న ఎలా వినిపించిందో చెప్పదు.

'అనుమానం' తీసుకోండి. తెలుగులో అది సందేహమూ అవుతుంది, ఎదుటివాడి మీద శంకా అవుతుంది. 'మీకు తరచూ అనుమానాలు వస్తుంటాయా?' అంటే పాఠం అర్థంకాని పిల్లాడు కూడా అవుననే అంటాడు. 'ఎవరో మీకు కీడు తలపెట్టారని అనిపిస్తుందా?' అని రాస్తే తప్ప ఆ ప్రశ్న పని చేయదు.

దానికన్నా లోతైనది 'అనిపించడం'. ఇంగ్లిష్‌లో మనిషి తన నమ్మకాన్ని కాస్త వదులుగా చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు దాన్ని పట్టుకుని, నమ్మకం గట్టిది కాదు, స్కోరు 6 కాదు అంటారు. తెలుగులో 'నాకు అనిపించింది', 'నాకు వినిపించింది', 'నాకు తెలిసింది' అన్నవి మామూలు వాక్యాలే. ప్రతి అనుభవమూ 'నాకు' వచ్చి తగులుతుంది. గట్టి నమ్మకం ఉన్నవాడు కూడా 'అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నట్టు అనిపిస్తుందండీ' అనే అంటాడు, పెద్దవాళ్ల ముందు మర్యాదగా. ఆ 'అనిపిస్తుంది'ని సందేహంగా చదివితే సైకోసిస్ ఉన్నవాడికి 4 పడుతుంది. అందుకని నమ్మకాన్ని వ్యాకరణంలో వెతక్కండి, పనిలో వెతకండి: 'దానివల్ల మీరేమైనా మానేశారా? దారి మార్చారా? ఫోన్ పడేశారా? కాదని ఎవరైనా చెబితే ఒప్పుకుంటారా?' ఈ నాలుగు ప్రశ్నలూ మాన్యువల్‌కు తెలుగు అనుబంధంగా చేర్చండి.

పీక్యూ-16లో కాదు గానీ, అదే కుటుంబంలోని 21 ప్రశ్నల పీక్యూ-బీలో టెలిపతీ, అతీత శక్తులు, జోస్యం అనుభవాల గురించి ఒక అంశం ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు దింపితే, జాతకం చూపించుకున్న ప్రతి ఒక్కరూ, సోది చెప్పించుకున్న ప్రతి అమ్మాయీ టిక్ కొడుతుంది. అడగాల్సింది మీరు చేయించుకున్నారా అని కాదు, మీకే ఆ శక్తి ఉన్నట్టు అనుభవమైందా అని. పీక్యూ-16లో కూడా ఏ అంశాన్నైనా ఇలా తిరగరాస్తే అసలు హక్కుదారుల అనుమతి తీసుకోండి, మార్చిన మాట అనుబంధంలో చూపించండి, కటాఫ్ 6 అని గుడ్డిగా ఉంచకండి.

పూనకం, శివం ఊగడం, గాలి సోకడం, చేతబడి, బాణామతి. వీటికి పేరు వినగానే 0 వేయడమూ తప్పే, 5 వేయడమూ తప్పే. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల్లో రంగం (భవిష్యవాణి) చెప్పే మనిషిది ఊరంతా ఎదురుచూసే మాట. దానికి చోటు, వేళ, కట్టుబాటు ఉన్నాయి. అదే ఆషాఢం కాని నెలలో, ఒంటరిగా హాస్టల్ గదిలో, తోటి భక్తులే 'ఇది మామూలుగా వచ్చేది కాదు' అనుకునేలా వస్తే లెక్క వేరు. ఇంటి పెద్దను అడగాల్సిన ప్రశ్న: 'మీ ఇంట్లో ఇలా ఇంకెవరికైనా వచ్చిందా? అప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది?' ఆ తేడా ఇంటివాళ్లు పట్టినంత బాగా ఏ మాన్యువలూ పట్టదు.

పద్ధతి: ఇద్దరు అనువాదకులు, ఒక రాజీ ప్రతి, తర్వాత 10–12 మందితో ఒక్కొక్కరికీ గంట చొప్పున 'ఈ ప్రశ్నలో మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి' విడత. సగం మంది తప్పుగా పట్టుకున్న అంశాలు తిరగరాసి ఇంకో 10 మందితో రెండో విడత. తెలంగాణ నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, రాయలసీమ నుంచి మనుషులు ఉండాలి. 'మనాది' (దిగులు) అంటే మెదక్‌లో తెలిసినంత మచిలీపట్నంలో తెలియదు.

మాటల రికార్డింగు గురించి ఒక హెచ్చరిక. 2015లో వచ్చిన ఒక ప్రసిద్ధ పేపర్ మాటల పొందిక, వాక్యాల పొడవు, కొన్ని వ్యాకరణ పదాల వాడకం చూసి 100% కచ్చితత్వంతో చెప్పింది. మొత్తం 34 మంది, సైకోసిస్ వచ్చింది ఐదుగురికి. అందులో ఒక గుర్తు ఇంగ్లిష్ ఉపవాక్యాలను మొదలుపెట్టే చిన్న పదాలు. తెలుగులో ఆ పని 'వచ్చిన', 'చెప్పిన' అని క్రియే చేసేస్తుంది, విడి పదం ఉండదు. ఆ గుర్తును దిగుమతి చేసుకుంటే కొలిచేది గాలినే. పైగా 'వెళ్లిపోవాల్సొచ్చిందనుకుంటున్నాను' అనే మాటను ఒక పదంగా లెక్కేస్తే వాక్యం పొడవు కొలతే తల్లకిందులవుతుంది.

కృష్ణతీరం:

అందరికీ ధన్యవాదాలు. గూగుల్ ఫామ్ తీసేస్తున్నాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. మోడల్ కట్టాలంటే నాలుగైదు వందల మంది కావాలేమో, నా బడ్జెట్‌లో అంతమంది కుదరరు. మరి పీహెచ్‌డీగా ఏం చేయొచ్చు? ఇంటర్మీడియట్ పిల్లల్ని, అంటే 16–17 ఏళ్లవాళ్లను చేర్చొచ్చా?

లెక్కలపంతులు:

మొదటిదానికి నా జవాబు: కొత్త మోడల్ కట్టకండి, ఉన్నదాన్ని పరీక్షించండి.

పాత లెక్కనే తీసుకున్నా, ఒక్కో ప్రిడిక్టర్‌కు (మోడల్‌లో వాడే ఒక్కో అంశానికి) 10 మంది చొప్పున సైకోసిస్ వచ్చినవాళ్లు కావాలి. ఆరు ప్రిడిక్టర్లకు 60 మంది. రెండేళ్లకు 16% అనుకుంటే 375 మంది, పావు వంతు జారిపోతారనుకుంటే 500 మంది. ఎంఆర్ఐ నుంచి వేల అంకెలు వస్తాయి, ఈ లెక్కన దానికి ఎంతమందీ చాలరు. ఎంఆర్ఐ తీసేయండి. ఆ డబ్బు ఫాలోఅప్ చేసే మనిషి జీతానికి పెట్టండి, శాస్త్రానికి అదే ఎక్కువ లాభం.

నాప్ల్స్ రెండో దశ కాలిక్యులేటర్ 596 మంది మీద కట్టింది, సీ-ఇండెక్స్ 0.71 (0.5 అంటే బొమ్మా బొరుసా వేసినట్టే, 1 అంటే తిరుగులేనిది). అందులో పనికొచ్చినవి వింత ఆలోచనలు, అనుమానించడం స్కోర్లు, మాటల జాబితా జ్ఞాపకం, గుర్తుల కోడింగ్ వేగం, సామాజిక జీవితం దిగజారడం, కొంత మేరకు వయసు. ఇవన్నీ కుర్చీ, బల్ల, స్టాప్‌వాచ్‌తో కొలవొచ్చు. గుర్తుల కోడింగ్‌కు భాషతో పెద్దగా పని లేదు. మాటల జాబితా పరీక్షను మాత్రం నేరుగా అనువదించకండి: మూడు వర్గాల నుంచి నాలుగేసి, మొత్తం 12 పదాలు, మూడుసార్లు చెప్పించుకోవాలి. తెలుగులో అంతే పొడవు, అంతే వాడుక ఉన్న పదాలు ఎంచుకోవాలి, మన వయసు గుంపు సగటు విడిగా తేల్చాలి. ఆ జాబితా తయారీ ఒక్కటే ఒక మంచి అధ్యాయం అవుతుంది.

120–150 మందితో మీరు చెప్పగలిగేది కాలిక్యులేటర్ మన దగ్గర ఎక్కువ చూపిస్తోందా తక్కువ చూపిస్తోందా అన్నది. వచ్చేది ఇరవై పాతిక ఈవెంట్లు కాబట్టి స్థూలంగానే చెప్పగలరు, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వెడల్పు దాచకండి. అయినా అది విలువైనదే. ఏయూసీ (ముప్పు ఎక్కువున్నవాళ్లను తక్కువున్నవాళ్ల నుంచి ఎంత బాగా విడదీసిందో చెప్పే అంకె) ఒక్కటి వేసి ఊరుకోకండి. ఏయూసీ బాగుండి కూడా మోడల్ 20% ముప్పును 45% అని చెప్పొచ్చు. ముప్పు అంచనా, జరిగినది పక్కపక్కన గీసిన క్యాలిబ్రేషన్ గ్రాఫ్ తప్పనిసరి. వేరే వేరే ఓపీల నుంచి తీసుకుంటే ఓపీవారీగా కూడా చూపండి. మధ్యలో కనపడకుండా పోయినవాళ్లను 'సైకోసిస్ రాలేదు' ఖాతాలో వేయకండి, కాక్స్ మోడల్‌లో సెన్సార్ చేయండి, అంటే కనపడినంత కాలమే లెక్కలోకి తీసుకోండి. జారిపోయేవాళ్లు తరచూ జబ్బు ఎక్కువైనవాళ్లే, కాబట్టి వాళ్ల మొదటి స్కోర్లు ఉన్నవాళ్లతో పోల్చి ఒక పట్టికగా ఇవ్వండి. విశ్లేషణ ప్లాన్ ముందే రిజిస్టర్ చేసి, ట్రైపాడ్ చెక్‌లిస్టు (ఇలాంటి మోడల్ పేపర్లలో ఏమేం రాయాలో చెప్పేది) పక్కన పెట్టుకుని రాయండి.

ఏడాది చాలదు. కనీసం రెండేళ్లు. ముప్పు మొదటి రెండేళ్లలో ఎక్కువే, ఆ తర్వాత కూడా ఆగదు: పేస్ క్లినిక్ పాత రోగులు 416 మందిని వెంబడించి చూస్తే పదేళ్లకు అంచనా 35% దగ్గర తేలింది. ఆరు నెలలకోసారి ముఖాముఖి, మధ్యలో రెండు నెలలకోసారి ఫోన్. నంబర్లు మారిపోతాయి, అందుకని మొదటి రోజే ముగ్గురి నంబర్లు తీసుకోండి: ఇంటివాళ్లది, స్నేహితుడిది, ఊళ్లో మరొకరిది. ఎవరికి ఏం చెప్పి ఫోన్ చేయొచ్చో సమ్మతి పత్రంలోనే రాయించుకోండి.

ఏడో నంబరు ఓపీ:

ఫలితం నిర్ణయించే మనిషికి మొదటి రోజు స్కోర్లు తెలియకూడదు. చిన్న బృందాల్లో ఎక్కువగా జారేది ఇక్కడే, ఇంటర్వ్యూ చేసినవాళ్లే రెండేళ్ల తర్వాత 'అవును, వచ్చింది' అంటారు. పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఒకరిని ఈ పనికే పెట్టుకోండి.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇద్దరే అయినా, మొదటి 10 రికార్డింగులు విడివిడిగా స్కోరు చేసి సరిపోల్చండి. ఐసీసీ (ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో చెప్పే అంకె) 0.8 దాటాకే అసలు పని మొదలుపెట్టండి. ఆరు నెలలకోసారి మళ్లీ ఐదు రికార్డింగులు. స్కోరింగు మెల్లగా పక్కకు జరుగుతుంది, ఎక్కువ కేసులు చూసినకొద్దీ 4 కాస్తా 3 అయిపోతుంది. కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి 2023లో వచ్చిన సైక్స్ కూడా చూడండి. కార్మ్స్ (ఇంకో ముప్పు ఇంటర్వ్యూ), సిప్స్ రెండింటినీ కలిపి కుదిర్చిన ఇంటర్వ్యూ అది, ఒకే విడతలో రెండింటి నిర్ణయాలూ వస్తాయి. స్కిజోఫ్రీనియా ముప్పు మీద నడిచే అంతర్జాతీయ ఏఎంపీ-ఎస్‌సీజడ్ ప్రాజెక్టు వాడుతున్నది అదే, రేపు మీ డేటా వాళ్లదానితో పోల్చుకోవచ్చు.

16–17 ఏళ్లవాళ్ల విషయం: చేర్చొచ్చు, చేర్చాలి కూడా, ముప్పు వయసు అక్కడే మొదలవుతుంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 12–18 మధ్యవాళ్ల నుంచి రాతపూర్వక అంగీకారం, దానితో పాటు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. చిక్కేమిటంటే, గంజాయి ప్రశ్నకు జవాబు తల్లిదండ్రులకు చెబుతారా లేదా అన్నది పిల్లాడికి ముందే తెలియాలి. ఏది చెబుతాం, ఏది చెప్పం, ప్రాణాపాయం ఉంటే మాత్రం తప్పక చెబుతాం అని మూడు వాక్యాల్లో రాయండి.

ఫలితం చెప్పే మాట కూడా ప్రోటోకాల్‌లో రాసిపెట్టండి, ఇంటర్వ్యూ చేసేవాళ్ల నోటికి వదలకండి. 'స్కిజోఫ్రీనియా ముప్పు' అనే మాట కాగితం మీద పడిందంటే పెళ్లి సంబంధం దాకా వెంటాడుతుంది. 'మీకు ఈమధ్య కొన్ని ఇబ్బందికరమైన అనుభవాలు వస్తున్నాయి. ఇలాంటివి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి పెద్ద జబ్బు రాదు, కొందరికి వస్తుంది. అందుకే రెండేళ్లు కనిపెట్టి ఉంటాం' అంటే సరిపోతుంది. కాలేజీ యాజమాన్యానికి పేర్లు పోకూడదు, ఎంతమంది పాజిటివ్ అన్న సంఖ్య కూడా పోకూడదు. ఆత్మహత్య ఆలోచన బయటపడితే అదే రోజు సైకియాట్రిస్టు చూసేలా పేరుతో సహా డ్యూటీ పట్టిక ఉండాలి, ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416 నంబరు ప్రతి కాగితం అడుగునా ఉండాలి. కమిటీ మొదట అడిగేది ఆ పట్టికనే.

పదకోశం:

ఒక చిన్న చేర్పు. సమ్మతి పత్రం 'పరిశోధనాంశము, గోప్యత, ఉపసంహరణ' భాషలో రాస్తే ఎవరూ చదవరు, సంతకం పెట్టేస్తారు. పైన చెప్పిన 10–12 మందికి దాన్ని కూడా చదివించి, 'మధ్యలో మానేయాలనిపిస్తే ఏం చేస్తారు?' అని అడగండి. 'మానేయకూడదు కదండీ' అని ఒక్కరన్నా సరే, ఆ పేరా మళ్లీ రాయండి.